ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ టెస్ట్ ఫోల్డర్‌లో ఎవరివో తెలియని ఫొటోలు ఉన్నాయి, లైసెన్స్ ఎలా తేల్చాలి?

తమ్ముడూ, గుంటూరులో బీటెక్ చదువుతున్నానన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. నాకు అర్థమైనంతవరకు నీ సమస్య ఇది. ఇమేజ్ ఫార్మాట్లు మార్చే చిన్న లైబ్రరీ ఒకటి నీ చేతికొచ్చింది, కోడ్‌కి ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్ ఉంది, టెస్ట్ ఫోల్డర్‌లో ఉన్న జేపెగ్‌లు, పీఎన్‌జీలు మాత్రం ఎవరు ఎక్కడినుంచి తెచ్చారో ఎవరికీ తెలియదు, ఇప్పుడు దాన్ని డెబియన్ అనే ఉచిత లినక్స్ సిస్టమ్‌లో ప్యాకేజీ చేస్తానన్నాయన వాటి లెక్క చెప్పమంటున్నాడు. "టెస్టులే కదా, ఇన్‌స్టాల్ కూడా అవ్వవు, ఎందుకింత గొడవ" అని అడిగావు.

ఎందుకంటే డెబియన్ వాళ్లు సోర్స్ టార్‌బాల్‌ని, అంటే ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ కట్టిన మూటని, మొత్తంగా మళ్లీ పంచుతారు. ఇన్‌స్టాల్ అయినా కాకపోయినా అందులోని ప్రతి ఫైలూ వాళ్ల ఫ్రీ సాఫ్ట్‌వేర్ గైడ్‌లైన్స్‌కి (పొట్టిగా డీఎఫ్‌ఎస్‌జీ) సరిపోవాలి. తేలని ఫైళ్లు తీసేసి, వెర్షన్ చివర డీఎఫ్‌ఎస్‌జీ అని తగిలించి, టార్‌బాల్ వాళ్లే కట్టుకోగలరు, కానీ అప్పుడు ఆ ఫైళ్ల మీద ఆధారపడ్డ టెస్టులు అక్కడ నడవవు, ఆ బగ్ రిపోర్టులు నీ దగ్గరికే వస్తాయి. పెద్దవాళ్లకీ తప్పలేదులే. పైథాన్ లైబ్రరీ సైపై 0.17లో లెనా అనే పాత టెస్ట్ బొమ్మ తీసేశారు, ఇంకో పైథాన్ లైబ్రరీ సైకిట్ ఇమేజ్ వాళ్లు 0.18లో పాత కెమెరామ్యాన్ బొమ్మ మార్చి సీసీ0 (హక్కులన్నీ వదులుకున్న) ఫొటో పెట్టుకున్నారు, రెండూ హక్కుల గొడవే.

ఇక పని. ప్రతి బొమ్మకీ "ఇది ఎవరిది" అని వెతకడం మొదలుపెడితే సెమిస్టర్ అయిపోతుంది, సగానికి జవాబే దొరకదు. ముందు "ఈ టెస్టుకి ఈ బొమ్మే ఎందుకు కావాలి" అని అడుగు. చాలా టెస్టులకి బొమ్మలో ఏముందన్నది అక్కర్లేదు. 16 బిట్ పీఎన్‌జీ చదువుతోందా, ఎగ్జిఫ్‌లో (ఫొటోలో కెమెరా రాసే వివరాల్లో) ఓరియెంటేషన్ 6 ఉంటే తిప్పుతోందా, వెడల్పు బేసి సంఖ్యయితే క్రాష్ అవుతోందా, అంతే కదా, దానికి ఎవరింటి పిల్లి ఫొటోనో ఎందుకు? పైథాన్‌లో బొమ్మలకి వాడే పిల్లో లైబ్రరీతో చిన్న స్క్రిప్ట్ రాసి, రంగు మెల్లగా మారే గ్రేడియంట్ ఒకటి పుట్టించు, స్క్రిప్ట్‌ని కూడా రెపోలో పెట్టు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. పీఎన్‌జీకి ఆ శ్రమ కూడా చాలావరకు అక్కర్లేదు, పీఎన్‌జీసూట్ అని విల్లెమ్ వాన్ షైక్ తయారుచేసిన సెట్ ఉంది, ఏ పనికైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని అనుమతి రాసే ఉంది.

మేం పనిచేసే టూల్‌లో అసలు తలనొప్పి ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకే జేపెగ్‌తో వచ్చింది. విజయవాడలో ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపాయన ఒకరు, ఫైల్ తెరిస్తే రంగులన్నీ నెగెటివ్‌లా వస్తున్నాయని బగ్ రాసి, ఫైల్ జత చేశారు. పుట్టినరోజు ఫ్లెక్స్ అది. మధ్యలో సినిమా హీరో, పైన వరసగా నాయకుల తలకాయలు, కింద అభిమానుల పాస్‌పోర్ట్ ఫొటోలు, వెనకాల ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన మెరుపులు. "వాడుకోండి సార్, దానికేముంది" అన్నారాయన, మంచి మనిషి, కానీ అందులో ఇవ్వడానికి ఆయనదంటూ ఏముంది? ఫైల్‌ని హెక్స్ ఎడిటర్‌లో చూస్తే ఏపీపీ14 మార్కర్, అంటే అడోబీ పేరుతో ఉండే చిన్న గుర్తు, కనిపించింది. ఫొటోషాప్ సీఎంవైకే జేపెగ్‌లో విలువల్ని తిరగేసి రాస్తుంది, మా డీకోడర్ ఆ సంగతి పట్టించుకోవట్లేదు. అంటే బగ్ మార్కర్ దగ్గరుంది, హీరోగారి దగ్గర కాదు. పిల్లోతో సేవ్ చేసిన సీఎంవైకే జేపెగ్‌లో కూడా అదే మార్కర్ ఉంటుంది, విలువలు అలాగే తిరగబడి ఉంటాయి, కాబట్టి పదహారు పిక్సెళ్ల చదరం ఒకటి తయారుచేశాం, టెస్ట్ సరిగ్గా అదే చోట ఫెయిలైంది. మనకి కావాల్సింది అదే. ఫ్లెక్స్ మాత్రం ఆయన బగ్ రాసిన ఇష్యూ పేజీలోనే ఉండిపోయింది. ఇష్యూకి జత చేసిన ఫైల్‌ని ప్రాజెక్టుకి ఇచ్చినట్టుగా నేను ఎప్పుడూ లెక్కేసుకోను.

కొన్నిటికి నిజమైన ఫొటో కావాలి, ఒప్పుకుంటా. కంప్రెషన్ నాణ్యత గ్రేడియంట్ మీద తేలదు. దానికి ఫోన్ తీసుకుని బయటికి పో. మీ ఊళ్లో మిర్చి ఉండగా నీకు వేరే టెస్ట్ ఇమేజ్ ఎందుకసలు? 4:2:0 అనే జేపెగ్ పద్ధతిలో రంగు సమాచారం అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గిపోతుంది, ఎర్రటి మిర్చి అంచుల్లో ఆ తేడా ఇట్టే బయటపడుతుంది. బొమ్మని చిన్నది చేసినప్పుడు వచ్చే గీతల గందరగోళం చూడాలంటే ప్రకాశం బ్యారేజీ గేట్ల వరస తీసుకో, మేం అదే వాడుతున్నాం. మనుషుల మొహాలు పడకుండా తియ్యి, జీపీఎస్ తీసేయి, సీసీ0 అని రాసిపెట్టు. వెబ్‌లో ఉచితం అని కనిపించినవి ఎత్తుకురాకు, అన్‌స్ప్లాష్ కూడా 2017లో సీసీ0 వదిలేసి సొంత లైసెన్స్‌కి మారింది. పేరులో ఎన్‌సీ (వ్యాపారానికి వాడొద్దు) గానీ ఎన్‌డీ (మార్చొద్దు) గానీ ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు డెబియన్‌లో చెల్లవు.

ఫొటో నీదే అయినా లోపల రంగులు ఎలా చూపించాలో చెప్పే ఐసీసీ ప్రొఫైల్ ఉంటుంది చూడు, దాన్ని చాలామంది వదిలేస్తారు. బాగా తిరిగే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో 1998 హ్యూలెట్ ప్యాకర్డ్ కాపీరైట్ అని రాసే ఉంటుంది, ప్యాకేజర్ కంట పడితే అడుగుతాడు. మెటాడేటా చూపించే ఎగ్జిఫ్‌టూల్‌తో చూసి, టెస్ట్‌కి ప్రొఫైల్ అవసరం లేకపోతే తీసేయి. అలాగని మెటాడేటా తుడిచేస్తే ఊరోళ్ల ఫొటో నీదైపోదు.

ఇవన్నీ పోగా మిగిలేవి కొన్నే. వాటికి గిట్ లాగ్‌లో ఫైల్ మొదట చేర్చిన కమిట్ పట్టుకుని, ఆ మనిషికి రాయి. "లైసెన్స్ ఏంటి" అని అడక్కు, చాలామందికి ఆ ప్రశ్నే అర్థం కాదు. మీరే తీశారా, ఇంకెవరి పనైనా అందులో ఉందా, సీసీ0 కింద ఇస్తారా అని అడుగు, జవాబు ఇష్యూలోనే అందరికీ కనపడేట్టు రాయమను. పెళ్లి ఫొటో లాంటిది ఉందన్నావు కదా, మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు, స్టూడియో కాదు. కానీ నన్నడిగితే దాన్ని అడగడం కూడా దండగ, చర్మం రంగు టెస్టు కోసమైతే నీ చెయ్యి ఫొటో తీసి పెట్టు.

తేలినవాటికి ఫైల్ పేరు చివర డాట్ లైసెన్స్ అని చేర్చి పక్కనే చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టు, ఎవరిది, ఏ లైసెన్స్ అని రెండు లైన్లు చాలు. లైసెన్సులు సరిచూసే రీయూజ్ టూల్ దాన్ని చదువుతుంది, సీఐలో (ప్రతి మార్పుకీ దానంతటదే నడిచే పరీక్షల్లో) రీయూజ్ లింట్ పెడితే రేపెవరైనా ఊరూపేరూ లేని బొమ్మ చేరిస్తే బిల్డ్ ఆగిపోతుంది. జవాబు రానివి తీసెయ్, మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకోకు. గిట్ హిస్టరీ జోలికి పోవద్దని నా సలహా, దాన్ని తిరగరాస్తే ఇతరులు తీసుకున్న కాపీలు, అంటే ఫోర్కులన్నీ చెడిపోతాయి, హక్కుదారు తీసేయమని అడిగినా, ఎవరి సొంత ఫొటో అయినా బయటపడినా అప్పుడు చూసుకోవచ్చు. కొత్త రిలీజ్ కట్టి, టార్‌బాల్ విప్పి అందులో పాత బొమ్మలేవీ లేవని ఒకసారి చూసుకుని, ఆ లింకే ప్యాకేజర్‌కి పంపు.