గ్రానైట్ మీద వ్యాసం పంపిన తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. మొదటి పేజీలోనే "గ్రానైట్ అనే కఠిన ఖనిజం" అన్న మాట చదివి కాగితాలు పక్కన పడేద్దామనుకున్నాను. అయితే మూడో పేజీలో ఒక వాక్యం నన్ను ఆపింది. వానలు వెనకబట్టాక పద్మాక్షి గుట్ట కింద పాత బండ అంచున రాలిన పొడిని గుప్పిట్లోకి తీసుకున్నావు; లేతరంగు పలుకులు గోరు తగిలితే పిండి అవుతున్నాయనీ, గాజు పెంకుల్లాంటి గింజలు మాత్రం చెక్కు చెదరలేదనీ రాశావు. బాగా చూశావు. అంత బాగా చూసినవాడివి, మరుసటి వాక్యంలోనే "శిల మౌనం" అంటూ ఎందుకు పారిపోయావు?

గ్రానైట్ ఖనిజం కాదు, ఖనిజాలు కలిసిన శిల. క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి, పొటాషియం ఫెల్డ్‌స్పార్, సోడియం, కాల్షియం ఉన్న ప్లాజియోక్లేజ్ అనే మరో ఫెల్డ్‌స్పార్, వీటితో పాటు కొద్దిగా నల్ల అభ్రకమో, హార్న్‌బ్లెండ్ అనే ముదురు రంగు ఖనిజమో ఉంటాయి. మొత్తం బరువులో సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం, సుమారు 70 శాతం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీరు ఫెల్డ్‌స్పార్ నుంచి పొటాషియాన్ని, సోడియాన్ని మెల్లగా లాగేస్తే చివరికి తెల్లటి మట్టి మిగులుతుంది, క్వార్ట్జ్ జోలికి మాత్రం ఆ నీరు దాదాపు పోదు. నీ గుప్పిట్లో జరిగింది అదే. దాని ముందు మౌనమూ, కాఠిన్యమూ, రాతి గుండే అన్న అరువు మాటలు ఎందుకు? ఈ మధ్య వచ్చే వ్యాసాల్లో ఏ రాయిని కదిలించినా మౌనమే కారుతోంది.

"శిలాద్రవం ఒక్కసారిగా గడ్డకట్టి" అని కూడా రాశావు. అదే ద్రవం పైకి ఉబికి ఒక్కసారిగా చల్లారితే రయోలైట్ అవుతుంది, అందులో చాలా గింజలు కంటికే ఆనవు. గ్రానైట్ నేల లోపల కిలోమీటర్ల లోతున, వేలు లక్షల ఏళ్లు తీసుకుని చల్లారుతుంది కనుకనే ప్రతి గింజా విడిగా కనిపించేంతగా పెరుగుతుంది.

నేను పట్టు విడవని మాట ఒక్కటే: గ్రానైట్ గురించి రాసేవాడు ముందు గింజ అంచు చూడాలి. తక్కిన ద్రవమంతా కదులుతుండగానే గడ్డకట్టిన హార్న్‌బ్లెండ్, ప్లాజియోక్లేజ్ వంటివి సాధారణంగా తమ సొంత ముఖాలతో, తిన్నని అంచులతో ఉంటాయి. ఆఖరున మిగిలిన సందుల్లో క్వార్ట్జ్ ఇమిడిపోతుంది కనుక దానికి సొంత ఆకారం ఉండదు. మేడారం జాతర బస్సులో ముందెక్కినవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటే, చివర ఎక్కినవాడు దొరికిన సందులో ఒదిగినట్లు. శిలాశాస్త్రవేత్త నార్మన్ బోవెన్ 1920లలో ప్రయోగశాలలో ఖనిజాలను కరిగించి, చల్లార్చి చూసి ఈ వరుసకు ఆధారం చూపించాడు. నువ్వు ఒక భూతద్దం పెట్టి చూస్తే చాలు.

కరీంనగర్ క్వారీల నుంచి వచ్చే టాన్ బ్రౌన్ రాయి నాకు ఈ పాఠం నేర్పింది. నల్లటి నేల మీద గోధుమరంగు ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు బొటనవేలి గోరంత కనిపిస్తాయి. పెద్దవి కనుక ముందే పుట్టాయని తొందరపడకు. స్ఫటికాల మొలకలు తక్కువ పుట్టి, ఒక్కొక్కదానికీ పెరగడానికి చోటు ఎక్కువ దొరికినా స్ఫటికం పెద్దదవుతుంది. కొన్నింటి కడుపులో చిన్న నల్ల గింజలు చిక్కుకుని కనిపిస్తే, ఆ నల్లవి అప్పటికే ఉన్నాయన్నమాట. పరిమాణం అబద్ధమాడవచ్చు, అంచు అంత సులువుగా ఆడదు.

ఇదంతా వయసులో ఉన్నప్పుడు, క్వారీ పక్కన వ్యర్థపు గుట్టల మీద ఎండలో కూర్చుని రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు ఫెల్డ్‌స్పార్, బయొటైట్ (నల్ల అభ్రకం) వంటి పేర్లన్నీ కొట్టేసి, "రాతి గుండె చప్పుడు" అని శీర్షిక తగిలించి అచ్చు వేశాడు. పేర్లు పాఠకులకు బరువట! ఎరువు బస్తా మీద పొటాష్ శాతం చదివి కొనే రైతుకు పొటాషియం ఫెల్డ్‌స్పార్ బరువా? ఆయనకు మళ్లీ ఏమీ పంపలేదు. అలాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పేర్లు కొట్టేయనివ్వకు.

ఇంకొకటి. రామప్ప గుడి 1213 నాటిది, అక్కడ నున్నగా మెరిసే నల్ల రాయిని "నల్ల గ్రానైట్" అన్నావు. దుకాణంవాడు అనవచ్చు, నువ్వు అనకూడదు. అది డోలరైట్, అందులో ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ అనే ముదురు రంగు ఖనిజం ప్రధానం, క్వార్ట్జ్ దాదాపు ఉండదు, అదే పరిమాణంలో గ్రానైట్ కన్నా బరువు ఎక్కువ.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పి చూడు. చదునుగా, అద్దంలా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. జిడ్డు మెరుపుతో గాజులా వంపుగా విరిగేది క్వార్ట్జ్. గోటితో పొరలుగా లేచేది నల్ల అభ్రకం. ఏది దేన్ని చుట్టుకుందో, ఏది ఎవరి సందులో ఇరుక్కుందో వరుసగా రాసి, ఆ ముక్కను కూడా వ్యాసంతో పాటు పంపు. నువ్వు తిన్నని అంచు అన్నది నా భూతద్దానికీ తిన్నగా కనిపించాలి.

మీ అన్న