బాసర పోయే ముందు బంకు ముచ్చట

బిడ్డా,

సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నావనీ, చిన్నదాని అక్షరాభ్యాసానికి హనుమకొండ నుంచి బాసర దాకా నువ్వే నడుపుకుంటూ పోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్ మీదుగా మా ఇంటి ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుని పోతుందంటే కాలర్ ఎగరేయాలనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బ్రేకులు మెకానిక్ చూస్తాడు, లారీల సంగతి అల్లుడు చెబుతాడు. పెట్రోల్ బంకులో క్యాష్ దగ్గర కూర్చునే జుట్టు తెల్లబడ్డ నాకు బంకు అంటేనే టెన్షన్.

ఇంజన్ ఆపు. పక్కన ఎవడైనా బీడీ ముట్టిస్తే మొహమాటపడకుండా గద్దించు. నాజిల్ టక్కుమని ఆగాక ‘ఇంకో యాభైకి’ అని కుక్కించకు. ఏసీ కావాలని చిన్నది ఏడిస్తే ఆ రెండు నిమిషాలూ ఏడవనీ.

ఇక మీ బాపు ఎడమ చేతి మీది మచ్చ. చిచ్చుబుడ్డి పేలిందని నీకు చెప్పాడు కదా? అబద్ధం. మర్నాడు బంద్ అని బంకు నిండా జనం. బావ మారుతి వ్యాన్ తెచ్చి, ట్యాంకు నింపించుకున్నది చాలక మంచినూనె ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీశాడు. దాన్ని కింద పెట్టకుండా వ్యాన్‌లోనే రబ్బరు మ్యాట్ మీద పెట్టి పోయమన్నాడు. చలికాలం, గాలి పొడిగా ఉంది. పెట్రోలు ధారగా పడుతుంటే ఆ రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది. డబ్బా నేల మీద ఉండి, నాజిల్ దాని మూతికి ఆనుకుని ఉంటే అది చాలావరకు భూమిలోకి దిగిపోతుంది. రబ్బరు మీద ప్లాస్టిక్ డబ్బా ఉంటే ఎటు పోవాలి? చిటుక్కుమంది. డబ్బా మూతి దగ్గర నీలంగా మంట లేచింది, పగటి వెలుతురులో సరిగా కనపడను కూడా లేదు.

పెట్రోలు పోస్తున్న పిల్లగాడు భయపడి నాజిల్ బయటికి లాగాడు, చుట్టూ చిమ్మింది. మీ బాపు, వ్యాన్ కాలిపోతుందని, మండుతున్న డబ్బా పట్టుకుని బయటికి విసిరాడు. అప్పుడు కాలింది చెయ్యి. ఇంకొకాయన బకెట్‌తో నీళ్లు తెస్తుంటే ఓనరు ‘ఇసుక, ఇసుక!’ అని అరిచాడు. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది, నీళ్లు పోస్తే మంట పారుకుంటూ పోయేది. మొండి మనిషి బిడ్డా మీ బాపు, ఆస్పత్రిలో కూడా వ్యాన్ గురించే అడిగాడు.

అందుకే డిక్కీలో స్పేర్ పెట్రోలు వద్దు, ‘దారిలో అయిపోతే?’ అని అల్లుడు అన్నా సరే. జగిత్యాలలో పోయించుకో. ట్యాంకు మూతి దగ్గర ఎప్పుడైనా మంట కనబడితే నాజిల్ ముట్టుకోకు, లాగనివ్వకు. చిన్నదాన్ని ఎత్తుకుని దూరం పో. ఎమర్జెన్సీ స్విచ్ బంకు వాళ్లు నొక్కుతారు.

ఎండాకాలం ఫుల్ ట్యాంక్ చేయిస్తే పేలుతుందని మీ అత్తకు ఏటా వాట్సాప్‌లో వస్తుంది. ఇండియన్ ఆయిల్ వాళ్లే అది అబద్ధమని చెప్పారు. రామగుండం ఎండకు పెట్రోలు దానంతటది అంటుకోదు, దానికి 250 డిగ్రీల పైనే కావాలి. అలాగని చలికాలం నిశ్చింత కూడా కాదు. మైనస్ 40 డిగ్రీల చలిలోనూ అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల పట్టుకుని పాకుతుంది. దానికి నిప్పురవ్వ చాలు.

సెల్‌ఫోన్ మాట వేరు. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ బంకుల్లో మంటల కేసులు పోగేస్తే, ఫోన్ వల్ల అంటుకున్నట్టు ఒక్కటీ తేలలేదు. సీట్లోంచి దిగిన మనిషి ఒంటి మీది స్టాటిక్ వల్ల అంటుకున్నవే చాలా. అయినా బోర్డు మీద వద్దని రాశారు కాబట్టి వద్దు. మనసు ఫోన్‌లో ఉంటే మీటర్ ఎవడు చూస్తాడు? దిగితే ముందు కారు తలుపు ఇనుము ముట్టుకో, అంతే.

రేపు సీఎన్జీ కిట్ పెట్టిస్తే మాత్రం గ్యాస్ నింపేటప్పుడు అందరూ దిగాల్సిందే. నిద్రపోతున్న పిల్లనైనా లేపు.

నా దగ్గర మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ కొత్తది ఉంది. శనివారం తెచ్చి డ్రైవర్ సీటు పక్కన బిగిస్తాను. పిన్ను ఎట్ల లాగాలో అల్లుడిక్కూడా చూపిస్తా. పప్పుచారు చేసి పెట్టు.

మీ మామ