నేయా మూదానియా: పాత ఊరు పరాయి దేశంలో ఉన్న కొత్త ఊరు

ఉత్తర గ్రీసులోని ఖాల్కిదికీ తీరానికి సెలవులకు వెళ్తున్నామని, అక్కడి పటంలో ఎన్నో ఊళ్ల పేర్లు 'నేయా' (కొత్త) అన్న మాటతో మొదలవుతున్నాయని, వందేళ్ల క్రితం శరణార్థులు కట్టుకున్న అలాంటి ఊళ్లలో చూడదగినది ఏమైనా ఉంటుందా అని మీరు అడిగారు. ఉంటుంది. అయితే కొంత తెలుసుకుని వెళ్లడం మంచిది. నేను ఏమీ తెలియకుండా వెళ్లాను.

ఉద్యోగరీత్యా థెస్సలొనీకి నగరంలో ఎనిమిది నెలలు ఉన్నప్పుడు, ఒక శనివారం బస్సెక్కి, అక్కడికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేయా మూదానియాలో దిగాను. గ్రీసు అనగానే మనకు గుర్తొచ్చే తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, మెలికలు తిరిగే రాతి సందులు అక్కడ కనిపించలేదు. తాడు పట్టి గీసినట్టున్న తిన్నని వీధులు, మామూలు మేడలు, చేపల రేవు, అంతే. అసలు ఊరు వేరే వైపు ఉండి ఉంటుందనుకుని, రేవు దగ్గర కాఫీ దుకాణంలో కూర్చున్న ఒక పెద్దాయనను పాత ఊరు ఎటని అడిగాను. ఆయన తూర్పుకు చెయ్యి చూపి, 'టర్కీలో' అన్నారు.

మన కొత్తపేటలోను, కొత్తపల్లెలోను 'కొత్త' అంటే కొత్తగా కట్టినది అనే అర్థం. ఇక్కడ అలా కాదు. 'నేయా' తరువాత వచ్చేది శరణార్థులు పోగొట్టుకున్న ఊరి పేరే. ఆ పాత మూదానియా, అంటే నేటి ముదాన్యా, మర్మరా సముద్రపు దక్షిణ తీరాన బుర్సా నగరానికి రేవుగా ఉన్న పట్టణం. 1922లో టర్కులతో యుద్ధంలో గ్రీకు సైన్యం ఓడి వెనుదిరిగినప్పుడు అక్కడి గ్రీకులు ఇళ్లు వదిలి పడవలెక్కారు. ఆ యుద్ధాన్ని ఆపిన ఒప్పందం మీద అదే ఏడాది అక్టోబరు 11న సంతకాలు జరిగింది కూడా ఆ పట్టణంలోనే. (పక్కనే ఉన్న నేయా పోతిదేయా మాత్రం వేరు, దాని పేరు అదే చోట ఉండిన ప్రాచీన గ్రీకు నగరానిది.)

1923 జనవరి 30న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసు, టర్కీల మధ్య కుదిరిన ఒడంబడికను పుస్తకాలు 'జనాభా మార్పిడి' అంటాయి. ఆ మాట నాకు నచ్చదు. గ్రీసుకు చేరిన సుమారు 12 లక్షల మందిలో అత్యధికులు అప్పటికే ప్రాణాలు దక్కించుకుని వచ్చేసినవారు. ఒడంబడిక చేసిన పని వాళ్లు తిరిగి వెళ్లే దారిని మూసివేయడమే. ఎవరు ఎటు పోవాలన్నది మతాన్ని బట్టే తేల్చారు గాని భాషను బట్టి కాదు కనుక, టర్కిష్ తప్ప మరో భాష రాని క్రైస్తవులు గ్రీసుకు, గ్రీకు మాట్లాడే క్రీటు ముస్లింలు టర్కీకి తరలవలసి వచ్చింది. ముదాన్యాలో ఖాళీ అయిన ఇళ్లలో దిగినవారిలో ఆ క్రీటువాసులూ ఉన్నారు.

నన్ను నిరాశపరిచిన తిన్నని వీధులకు కారణం తరువాత తెలిసింది. అప్పట్లో గ్రీసు జనాభా దాదాపు 50 లక్షలు. ప్రతి నలుగురైదుగురికి ఒక శరణార్థి చొప్పున వచ్చిపడ్డారన్నమాట. వాళ్లకు నీడ కల్పించడానికి నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందటి అంతర్జాతీయ సంస్థ) 1923లో ఒక పునరావాస సంఘాన్ని ఏర్పాటు చేసి, అమెరికా దౌత్యవేత్త హెన్రీ మోర్గెంతావును మొదటి అధ్యక్షుడిగా నియమించింది. 1924లో అంతర్జాతీయ రుణం కూడా ఇప్పించింది. ఖాల్కిదికీలో ఆథోస్ పర్వతపు క్రైస్తవ మఠాల భూములను చాలావరకు ప్రభుత్వం తీసుకుని శరణార్థులకు పంచింది. పునరావాసపు ఊళ్లంటే కొలిచి గీసి పంచిన స్థలాలే గనుక, వంకర సందులను వెతకడం నా పొరపాటు.

మీరు వెళ్తే ముందుగా పనాయియా కోరిఫీని చర్చి చూడండి. పాత ఊరి నుంచి వెంట తెచ్చుకున్న మరియమ్మ చిత్రపటం పేరే ఆ గుడికి పెట్టుకున్నారు. మత్స్యకార మ్యూజియంలో పాత పడవలు, వేట సామగ్రి, గవ్వలు ఉన్నాయి. పిల్లలకు బాగా నచ్చుతుంది. రెండింటికీ ఒక పూట చాలు. సమయముంటే, పాత మూదానియా పొరుగువారైన త్రీలియా ప్రజలు స్థిరపడిన నేయా త్రీలియా కూడా అక్కడికి దగ్గరే. మర్మరా ఒడ్డున ఉన్నప్పటి చేపలవేటను నేయా మూదానియావాళ్లు ఇక్కడా వదలలేదు కనుక, మధ్యాహ్నం రేవు పక్కనే భోజనానికి కూర్చుని 'గావ్రోస్' అడగండి. అవి మన నెత్తళ్ల వంటి చేపలే. తలతో సహా కరకరలాడేలా వేయించి, నిమ్మచెక్కతో ఇస్తారు.