సుగ్గి మీద సినిమా తీస్తానన్న అమ్మాయికి

అనంతపురం

అమ్మా,

నీ ఉత్తరం అందింది. కర్నూలు జిల్లా కోసిగి నుంచి ఏటా గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలికి వలస, పోయేవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తానన్నావు. చాలా సంతోషం. ఏ కెమెరా కొనాలి, ఈ పనిలో బతుకు గడుస్తుందా అని అడిగావు. కెమెరా సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: నీ ఫోన్ చాలు. డబ్బుంటే మంచి మైకు కొనుక్కో. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్ని తీయడానికి డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ బీహార్ వెళ్లింది అరువు కెమెరాతోనే. సూపర్-8 అనే చిన్న ఫిల్ము మీద తీసినదాన్ని తెర మీద వేసి, ఆ తెరను 16 ఎంఎం కెమెరాతో మళ్లీ తీశాడు. ఎమర్జెన్సీలో ఆ సినిమాను ముక్కలు చేసి దేశం దాటించి, బయట అతికించాల్సి వచ్చింది.

బతుకు గురించే ఎక్కువ రాయాలి. పట్వర్ధన్ జీవితమే చూడు. అమెరికాలో చదువుకునే రోజుల్లో సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కూలీల సంఘంలో వాలంటీరు. తిరిగొచ్చి మధ్యప్రదేశ్‌లో గ్రామీణ విద్య మీద పని. ఆ తర్వాత బీహార్, ఆ తర్వాత కెనడాలో మళ్లీ చదువు. బొంబాయి గుడిసెవాసుల మీద సినిమా తీసి అంతటితో ఊరుకోలేదు, 1986లో వాళ్ల కోసం షబానా ఆజ్మీతో కలిసి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అణుపరీక్షల మీద తీసిన సినిమాకు సెన్సార్ బోర్డు కోతలు చెప్తే బొంబాయి హైకోర్టుకు వెళ్లి, ఒక్క కోత లేకుండా తెచ్చుకున్నాడు. దూరదర్శన్‌తో సినిమా ప్రసారం మీద వచ్చిన పేచీ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2006లో అక్కడా గెలిచాడు. వాలంటీరు, కెమెరామన్, దీక్షలో కూర్చున్నవాడు, కోర్టుకెక్కినవాడు... నాకైతే ఇదంతా ఒకే పనిలా కనిపిస్తుంది. ఎవరి గురించి తీశాడో వాళ్ల పక్కనుంచి కదలకపోవడం.

మన దగ్గర ఈ పనికి నెల జీతమిచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందుకని పెళ్లి వీడియోలు ఎడిట్ చెయ్యి, అనువాదాలు చెయ్యి, పిల్లలకు పాఠాలు చెప్పు. పెళ్లిలో కెమెరా పట్టినవాళ్లకు జనానికి అడ్డం రాకుండా నిలబడడం వచ్చేస్తుంది, అది ఏ కాలేజీలోనూ నేర్పరు. కానీ ఈ సినిమా కోసం మాత్రం కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర గానీ, ఊరి నాయకుల దగ్గర గానీ రూపాయి తీసుకోకు. ఆలస్యమైతే అవనీ. 1997లో ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో 10 మంది చనిపోయాక పట్వర్ధన్ మొదలుపెట్టిన సినిమా పూర్తవడానికి 14 ఏళ్లు పట్టింది.

ఇక మిరప చేలో ఏం తీయాలంటావా, సాయంత్రం తూకం దగ్గర నిలబడు. కిలోల లెక్కన కూలి కట్టే చోట ముల్లు ఎక్కడ ఆగింది, గోతం బరువని ఎంత తీసేశారు, పుస్తకంలో ఎంత రాశారు, రాసింది చదవగలిగినవాళ్లు ఆ గుంపులో ఎంతమంది, ఇవన్నీ చూడు. పక్కనే ఒక తల్లి చేతుల మంటకు కొబ్బరినూనె రాసుకుంటుంటుంది. బడిలో ఉండాల్సిన పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని తిరుగుతుంటుంది. అదే వారం ఊళ్లో ఆ పిల్ల తరగతి హాజరు పట్టీ ఎలా ఉందో కనుక్కో. ఆ తల్లి ముందు మైకు పెట్టి ‘మీ బాధ చెప్పండి’ అని మాత్రం అడగొద్దు. ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత అని అడుగు. లెక్క చెప్పడం మొదలుపెడితే బాధ దానంతట అదే వస్తుంది. దాని మీద విషాద సంగీతం వెయ్యకు, నా మాట విను.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఏడాదికి 100 రోజుల పని ఇస్తామని అప్పట్లో చట్టమే వచ్చాక కూడా కోసిగిలో ఇళ్లకు తాళాలు ఎందుకు పడుతున్నాయి? నీ సినిమా అడగాల్సింది ఇదే. జాబ్ కార్డులు చూడు. డబ్బు ఎన్నాళ్లకు పడిందో బ్యాంకు పాసుపుస్తకాల్లో చూడు. పక్కన మిరప కూలి రాసుకో. సమాచార హక్కు కింద అర్జీ పెట్టడం నేర్చుకో, నీకు స్క్రిప్టు సగం అక్కడే దొరుకుతుంది.

పూర్తయ్యాక ఫెస్టివల్‌కు పంపాలని తొందర పుడుతుంది. ముందు ఊళ్లో చూపించు. సుగ్గి నుంచి తిరిగొచ్చాక, విత్తనాలు వేసేలోపు, గోడకు తెల్ల పంచె కట్టి చూపించు. మేస్త్రీ గురించి నోరు విప్పిన మనిషిని వచ్చే ఏడు పనికి పిలవకపోవచ్చు. ఆ మనిషి వద్దంటే, ఎంత గొప్ప షాట్ అయినా తీసెయ్. అందరూ చూసేశాక వాళ్లు అర్జీ రాద్దామంటే కూర్చుని రాసిపెట్టు, కలెక్టరాఫీసుకు రమ్మంటే వెళ్లు.

దీపావళి తర్వాత బండ్లు కదులుతాయి కదా. ఆలోపు ఏ కుటుంబంతో వెళ్తావో, ఎందుకు వాళ్లతోనే వెళ్తావో రెండు పేజీలు రాసి పంపు. చదివాక నేనే కోసిగి వస్తాను. మైకు కొనడానికి టెన్షన్ పడకు, నా దగ్గరున్నది తెస్తాను.

ఆశీస్సులతో,
మీ సార్