ఉప్పునీటి మూలం తేలాలంటే బ్రోమైడ్ కొలిపించండి

మీ రెండు ఉప్పునీటి బావుల్లోనూ క్లోరైడ్ (ఉప్పులో సోడియంతో పాటు ఉండేది) ఒకేలా ఉంది, ఏది సముద్రపు నీరో, ఏది రాతి ఉప్పు కరిగి వచ్చిన నీరో తెలియడం లేదన్నారు. క్లోరైడ్ ఒక్కటే చూస్తే తేలదండీ, దాని లాంటిదే అయినా నీటిలో చాలా తక్కువగా ఉండే బ్రోమైడ్ కూడా కావాలి. సముద్రపు నీరు ఆవిరై ఉప్పు గడ్డకట్టేటప్పుడు స్ఫటికంలోకి బ్రోమైడ్ పెద్దగా చేరదు, మిగిలిన ద్రవంలోనే పోగవుతుంది. అందుకే క్లోరైడ్, బ్రోమైడ్‌ల బరువు నిష్పత్తి సముద్రపు నీటిలో 290 దగ్గర ఉంటే, రాతి ఉప్పు కరిగిన నీటిలో వేలల్లోకి పోతుంది. ఉప్పు దిగిపోయాక మిగిలిన ద్రవంలో 290 కంటే బాగా తక్కువ. మృత సముద్రం అలాంటిదే.

సోడియం, క్లోరైడ్‌ల మోలార్ నిష్పత్తి (బరువును కాక కణాల సంఖ్యను పోల్చేది) కూడా చూడొచ్చు: రాతి ఉప్పుకు దాదాపు 1, సముద్రపు నీటికి 0.86. కానీ బంకమట్టి సోడియాన్ని పట్టుకుని కాల్షియం వదులుతుంది, దాంతో ఈ నిష్పత్తి మారిపోతుంది కాబట్టి నేను బ్రోమైడ్‌నే నమ్ముతాను. క్లోరైడ్ బాగా ఎక్కువని ల్యాబ్‌కు ముందే చెప్పండి, లేకపోతే బ్రోమైడ్ రీడింగ్ తప్పుగా రావచ్చు.