చివరి జాబితా రాకముందే మాట్లాడుకోండి

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. నా భార్య గృహిణి. మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసై, విజయవాడలో రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్లో ఉండి ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ రాసింది. ఈసారి తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటా సీట్ల రెండో విడతలో ఆఖరి ర్యాంకుకు కొద్ది దూరంలో ఆగిపోయాం. మూడో విడత కోసం, అదీ కాకపోతే మిగిలిన సీట్ల విడత కోసం చూస్తున్నాం. ఆమెతో చదివిన పిల్లలు అప్పుడే కాలేజీల్లో చేరిపోయారు. అమ్మాయి గది దాటి రావడం లేదు. నెల రోజులుగా సరిగ్గా తినదు, రాత్రి రెండింటికి కూడా ఫోనులో కటాఫ్‌లు చూస్తూ ఉంటుంది. జూన్‌లో ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మేము ఎవరింటికీ వెళ్లడం లేదు, వినాయక చవితి కూడా చేసుకోలేదు. రెండెకరాల పొలం ఉంది. ఎకరం 15 లక్షలు పలుకుతోంది. అమ్మి, ఎక్కువ ఫీజుండే బి కేటగిరీ సీటులో చేర్పిద్దామని నా ఆలోచన. ఏజెంటు ఒకాయన జార్జియాలో ఎంబీబీఎస్ అంటున్నాడు. నా భార్య దేనికీ ఒప్పుకోదు, రోజూ గొడవే. మూడోసారి లాంగ్‌టర్మ్ అంటే ‘నాన్నా, ఆ హాస్టల్‌కు మాత్రం మళ్లీ పంపవద్దు’ అంటోంది అమ్మాయి. ఈ మధ్య ఫిజియోథెరపీ అనడం మొదలుపెట్టింది. ఇంత దూరం వచ్చి వదిలేయడమా? మా అమ్మేమో సంబంధాలు చూడమంటోంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. నాకేమీ తోచడం లేదు.

జవాబు: మాస్టారూ, ర్యాంకు, విడతలు, పొలం ధర అన్నీ వివరంగా రాశారు. అమ్మాయి నోటి నుంచి వచ్చిన మాటలు మాత్రం మీ ఉత్తరంలో రెండే ఉన్నాయి. ఆ హాస్టల్‌కు పంపవద్దన్నది ఒకటి, ఫిజియోథెరపీ అన్నది ఇంకొకటి. రెండింటినీ మీరు ఫిర్యాదుల వరసలో చేర్చారు. నాకు మాత్రం అసలు సంగతంతా ఆ రెండు మాటల్లోనే ఉందనిపించింది.

అయితే సీటు కన్నా ముందు చూడవలసింది ఆమె తిండి, నిద్ర. నెల రోజులుగా తినక, నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడక ఉన్న పిల్లను చూసి ‘ఫలితాల బెంగలే’ అని సరిపెట్టుకోకూడదు. మీ ఇద్దరిలో ఎవరి దగ్గర ఆమెకు చనువు ఎక్కువో వారు పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా తల్లీ?’ అడగడానికి నోరు రాదని తెలుసు. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అలా పుట్టదు. ఉన్న ఆలోచనను చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునన్నా, బదులు చెప్పకుండా ఏడ్చినా ఒంటరిగా వదలకండి. ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. లేదు అన్నా సరే, ఈ వారంలో ఒకసారి చూపించడం మంచిది. ఆకలి, నిద్ర ఇంతగా చెడినప్పుడు డాక్టరు అవసరం ఉండవచ్చు. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది. దీనికి మూడో విడత ఫలితం దాకా ఆగవద్దు.

ఇక హాస్టల్ మాట. డాక్టరు చదువు వద్దని ఆమె అనలేదు. ఆ హాస్టల్ వద్దంది. మీరు రెండూ ఒకటేననుకున్నారు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులు, వారం వారం పరీక్ష, మార్కులు తగ్గితే కింది సెక్షనుకు మార్చడం, ఇంటికి ఫోను చేయాలంటే వరసలో నిలబడటం. రెండేళ్లు అలా గడిపిన పిల్ల మూడో ఏడు వద్దంటే దాన్ని బద్ధకం అనలేం. అక్కడ ఇంకేదైనా జరిగి ఉండవచ్చు కూడా. ఎవరైనా అవమానించారా, ఏడిపించారా, ఒంట్లో బాగాలేనప్పుడు పట్టించుకోలేదా? మెల్లగా తెలుసుకోండి. ఆ ‘వద్దు’ వెనక ఏముందో తెలియకుండా మూడో ఏడాది ఫీజు కట్టవద్దు.

చవితి మానేసింది ఆమె మీద ప్రేమతోనే. కానీ తన వల్లే ఇంట్లో పండుగ ఆగిందని ఆమెకు రోజూ గుర్తు చేసినట్టయింది. తమ్ముడు టీవీ సౌండు తగ్గించినా, బంధువులు వస్తామంటే మీరు వద్దన్నా ఆ బరువు చేరేది ఆమె నెత్తికే. పైగా సీటు వచ్చేస్తే ఈ ఎదురుచూపు తీరిపోతుందని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నట్టున్నారు. తీరదు మాస్టారూ. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. అప్పుడు పీజీ కోసం ఇంకో నీట్. అక్కడా ఇవే కోచింగులు, ఇవే విడతలు, ఇవే మిగిలిన సీట్ల జాబితాలు. పీజీ మూడేళ్లు. సూపర్ స్పెషాలిటీ అంటే మళ్లీ ఒక నీట్. జాబితా వచ్చేదాకా పండుగలు మానుకునే ఇల్లయితే ఆమెకు ముప్పై ఏళ్లు దాటే వరకూ మీకు పండుగలు ఉండవు. ఈ వృత్తిలోకి పంపాలనుకునే తల్లిదండ్రులు ఎదురుచూస్తూనే మామూలుగా బతకడం నేర్చుకోవాలి, పిల్లకూ నేర్పాలి. దసరాకు పిండివంటలు చేయండి. ఎవరైనా పిలిస్తే మీరిద్దరూ వెళ్లి రండి. ఆమె రానంటే బలవంతపెట్టకండి.

రాత్రి రెండింటికి ఆమె చూస్తున్న ఆ కటాఫ్ వీడియోల గురించి ఒక మాట. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే 686. ఒక ఏడాది మార్కుల పట్టిక పెట్టుకుని మరో ఏడాది సీటు ఎక్కడ వస్తుందో చెప్పే పెద్దమనిషికి మీ అమ్మాయి కన్నా ఎక్కువేమీ తెలియదు. రాష్ట్రంలో ఈ సీట్లు కేటాయించే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం తన వెబ్‌సైటులో పెట్టేదే సమాచారం. రోజుకు ఒక్కసారి, సాయంత్రం, ఎవరో ఒకరు తోడు కూర్చుని అది చూస్తే చాలు. రాత్రి పూట ఫోను హాల్లో ఉండాలని నియమం పెట్టండి. అందరి ఫోన్లూ, మీదీ.

పొలం విషయంలో మీ భార్య లెక్కే నాకు సరైనదిగా కనిపిస్తోంది. బి కేటగిరీ ఫీజు ఏడాదికి 12 లక్షల పైమాటే. రెండెకరాలూ అమ్మినా 30 లక్షలు. అంటే రెండున్నరేళ్ల ఫీజు. మూడో ఏడు మధ్యలో ఏం చేస్తారు? విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. పొలం అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి ఇల్లు తనఖా పెట్టాలి. వచ్చే ఏడాదికి అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు వస్తుంది. మీ ఉత్తరంలో అతని గురించి ఒక్క వాక్యమే ఉంది. అమ్మాలనుకుంటున్న పొలంలో అతని భవిష్యత్తు కూడా ఉంది కాబట్టి, పదిహేడేళ్ల పిల్లవాడైనా అతన్నీ అడగాలి. అప్పు భయం వల్ల మీ భార్య అడ్డు చెబుతున్నారని మీరు అనుకుంటున్నారేమో. ఆవిడ అయిదేళ్లకు లెక్క వేసి ఉంటారు, మీరు మొదటి ఏడాదికే వేశారు.

‘నీట్‌లో క్వాలిఫై అయింది, ఎలాగోలా సీటు తెచ్చుకోవచ్చు’ అనే సలహాదారులు మీ చుట్టూ కూడా ఉండే ఉంటారు. 2025లో నీట్ రాసిన 22 లక్షల మందిలో 12 లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. బి కేటగిరీ సీట్లను కూడా విశ్వవిద్యాలయమే కౌన్సెలింగ్ పెట్టి నీట్ ర్యాంకుల వరసలో నింపుతుంది. అడ్వాన్సు ఇస్తే సీటు ఆపి ఉంచుతానని ఎవరన్నా వస్తే, వాకిట్లో నుంచే పంపించేయండి.

జార్జియా ఏజెంటును మాత్రం కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. ఆ డిగ్రీతో ఆ దేశంలోనే ప్రాక్టీసు పెట్టుకోవచ్చా? చదువు ఇంగ్లిషులో కనీసం 54 నెలలు ఉంటుందా? పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయిస్తారా? జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో పెట్టిన నిబంధనలివి. వీటిలో ఏది తప్పినా ఇక్కడ రిజిస్ట్రేషన్ దొరకదు. అన్నీ సరిగ్గా ఉన్నా తిరిగి వచ్చాక విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇటీవలి విడతల్లో ఆ పరీక్ష రాసినవారిలో మూడోవంతు మంది కూడా నెగ్గలేదు. అయినా కష్టపడి నెగ్గి మంచి డాక్టర్లయినవారు ఉన్నారు, ఆ దారిని తీసిపారేయను. కానీ పరీక్ష ఫలితం కోసం నిద్ర మానేసిన పిల్లను, చివర్లో ఇంత పెద్ద పరీక్ష కాచుకుని ఉన్న చదువుకు, ఇప్పటికిప్పుడు ఒంటరిగా పంపడం నాకు ఇష్టం లేదు. విదేశీ ప్రవేశానికి నీట్ అర్హత మూడేళ్లు చెల్లుతుంది. ఈ నెలలోనే కట్టాలనే తొందర ఏజెంటుదే, మీది కాదు. 2022లో యుక్రెయిన్ నుంచి చదువు మధ్యలో వదిలి వచ్చిన వేల మంది పిల్లల అవస్థ కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

మూడో విడతకు వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరస, పెట్టకముందే మీ నలుగురూ ఒకచోట కూర్చోవాలి. జాబితా వచ్చిన రాత్రి ఏ ఇంట్లోనూ సరైన నిర్ణయం జరగదు. ఎవరో ఒకరు ఏడుస్తుంటారు, ఎవరో ఒకరు అరుస్తుంటారు, తెల్లారేసరికి ఎక్కడో అడ్వాన్సు కట్టేసి ఉంటారు. ఏ కాలేజీలో వస్తే చేరుతుంది, ఎంత ఫీజు వరకు కట్టగలరు, ఎక్కడా రాకపోతే ఏం చేస్తుంది అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. ‘ముందు పెట్టేద్దాం, వచ్చాక చూద్దాం’ అన్న పద్ధతి ఈ చివరి విడతల్లో ప్రమాదం. కేంద్రం నింపే జాతీయ కోటాలో మూడో విడతలో సీటు తీసుకుని చేరాక వదులుకోవడానికి వీల్లేదు. మిగిలిన సీట్ల విడతలో సీటు కేటాయించాక చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, మరుసటి ఏడు నీట్ రాయనివ్వరు. సొంతంగా డిగ్రీలిచ్చే డీమ్డ్ విశ్వవిద్యాలయాలకైతే ఆ డిపాజిటే రెండు లక్షలు. రాష్ట్ర కోటా షరతులు నోటిఫికేషన్‌లో ఉంటాయి, జరిమానాలతో సహా పూర్తిగా చదవండి. ఆప్షన్లు అమ్మాయే నింపాలి. నెట్ సెంటర్ కుర్రాడు వద్దు, మీరూ వద్దు.

ఆ రోజు మొదట ఆమెను మాట్లాడనివ్వండి. మాస్టారు కదా, ప్రశ్న అడిగి జవాబు కూడా మీరే చెప్పేసే అలవాటు ఉండవచ్చు. ఆమె ఆగితే మీరూ ఆగండి. ఆమె చెప్పింది నచ్చకపోయినా ఆ పూటకు ఖండించవద్దు.

మరోసారి రాస్తానని ఆమే అంటే రాయనివ్వండి, కానీ ఇంట్లో ఉండి, లేదా ఒంగోలులో రోజూ వెళ్లి వచ్చే చోట చేరి. అదే ఆఖరిసారి అన్న మాట ముందే అనుకుని. ఇక రాయనంటే అదీ సరే. నీట్‌కు ఇప్పుడు గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు. ఈ ఏడు మానేసినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు. ‘ఇంత దూరం వచ్చి’ అంటున్నారు. గడిచిన రెండేళ్ల కోసం మూడో ఏడు కూడా ఇచ్చుకోవలసిన బాకీ ఏమీ లేదు.

ఫిజియోథెరపీ ఎంబీబీఎస్ కాదు, నిజమే. పక్షవాతం వచ్చిన మనిషిని నెలల తరబడి పట్టుకుని మళ్లీ నడిపించే పని మాత్రం అదే. ఆమె దాన్ని ఇష్టంతో అంటోందా, హాస్టల్ తప్పించుకోవడానికి అంటోందా అన్నది నాకూ తెలియదు, బహుశా ఆమెకూ ఇంకా తెలియదు. కాస్త తేరుకున్నాక, దగ్గరలోని ఆసుపత్రిలో అనుమతి అడిగి, ఆ విభాగంలో ఒక పూట కూర్చుని చూసి రమ్మనండి. ఆ కోర్సులకూ విడిగా దరఖాస్తులు, గడువులు ఉంటాయి. ఎంబీబీఎస్ చివరి విడత అయ్యేలోపు అవి దాటిపోకుండా చూసుకోవడం మీ వంతు. రెండుచోట్లా పేరు ఉంచుకోవడం తప్పేమీ కాదు.

ఒకవేళ మూడో విడతలో సీటు వస్తే, తరగతులు మొదలైన తర్వాత చేరిన పిల్లలకు అనాటమీలో మొదటి నెలలు కష్టంగా ఉంటాయి. పూర్తిగా తేరుకోకుండానే ఆమె ఆ చదువులో పడుతుంది. అందుకే డాక్టరుకు చూపించడం సీటు వచ్చినా ఆపవద్దు. హాస్టల్లో చేర్చి వచ్చాక ఫోనులో మార్కులు అడగకండి, ఏం తిన్నదో అడగండి.

మీ అమ్మగారి సంబంధాల మాట: పిల్ల ఈ స్థితిలో ఉండగా పెళ్లి ప్రస్తావనే వద్దు. ఆవిడ మళ్లీ ఎత్తితే జవాబు మీరే చెప్పండి, అమ్మాయి చేత చెప్పించకండి.