ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకు

చిరంజీవి చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఆరుగురు, జర్మనీలో ముగ్గురు, జపాన్‌లో ఇద్దరు, అంతా ముప్పై లోపువాళ్లే, వాళ్లందరికీ నువ్వే టీమ్ లీడ్ అని విని పొంగిపోయాను. కానీ "ఈ కాలం పిల్లలకు పెత్తనం గిట్టదు, స్నేహంగా ఉంటే చాలు" అన్నావే, అక్కడే నాకు బెంగ పట్టుకుంది.

టోక్యోలో నేను చేసిన తప్పు చెబుతాను. సమావేశంలో ఒక కొత్త పద్ధతి వివరించి, అభ్యంతరాలుంటే చెప్పమన్నాను. ఎవరూ నోరు మెదపలేదు. అందరికీ నచ్చిందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. రెండు వారాలైనా పని అంగుళం కదలలేదు. చివరికి అక్కడి పెద్దాయన ఒకరు టీ తాగుతూ "నెమవాషి" అనే మాట చెప్పారు. చెట్టును మరోచోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడమట. సమావేశానికి ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి, అనుమానాలు విని, సర్దుబాట్లు చేసుకోవాలి. సమావేశం ముద్ర వేయడానికే. నలుగురిలో నిలబెట్టి అభిప్రాయం అడిగితే అక్కడి కుర్రవాళ్లకు పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

జర్మనీలో అంతా తలకిందులు. పాతికేళ్ల కుర్రాడు అందరి ముందే నా లెక్క తప్పన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. వాడు మాత్రం సాయంత్రం ఎప్పటిలాగే నవ్వుతూ చేయి ఊపి వెళ్లాడు. (లెక్క నిజంగానే తప్పు.) వాళ్లకు ఏ నిర్ణయానికైనా కారణం చెప్పు, పని అప్పగించాక మాటిమాటికీ తొంగి చూడకు.

ఇక మనవాళ్లు "ఏం చేయమంటారు?" అని అడిగితే చొరవ లేదని విసుక్కోకు. మన దేశంలో ఆదరిస్తూనే పని రాబట్టే నాయకుడు నెగ్గుకొస్తాడని పట్నాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జె.బి.పి. సిన్హా 1980లోనే రాశారు. మనుషులు పనిలో ఆరితేరేకొద్దీ పగ్గాలు వదులుతూ పోవాలనీ ఆయనే అన్నారు. ఈ రెండో ముక్క మనకు గుర్తుండదు. నేను పగ్గాలు వదలక బిగబట్టినందుకే చురుకైన అమ్మాయి ఒకతె మా బృందం వదిలి వెళ్లిపోయింది.

శిక్షణ తరగతుల్లో దేశాల పని సంస్కృతులను పోల్చిన నెదర్లాండ్స్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ అంకెలు చూపిస్తారు. అధికార దూరం, అంటే పైవాళ్ల పెత్తనాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారన్నది, మనకు 77, జపాన్‌కు 54, జర్మనీకి 35. చూడు, కానీ వాటిని పట్టుకు వేలాడకు. వాటికి మూలం 1970 ప్రాంతంలో ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన జవాబులు. పైగా అవి దేశాల సగటులు. నీ బృందంలో నోరు విప్పని జర్మన్ ఉండవచ్చు, నిన్ను నిలదీసే వరంగల్ పిల్లా ఉండవచ్చు.

అందుకే మొదటి వారమే ఒక్కొక్కరికీ విడిగా అరగంట కేటాయించు. ఎలాంటి లీడ్ కావాలని అడగకు, అందరూ నీకు నచ్చే జవాబే చెబుతారు. పాత లీడ్ చేసిన ఏ పని ఉపయోగపడింది, ఎక్కడ ఇబ్బంది కలిగింది అని అడుగు. జపాన్ వాళ్లను మాత్రం మొదటి సగమే అడుగు, లేనివాళ్ల మీద ఫిర్యాదు చెప్పమంటే ఇరుకున పడతారు.

దసరాకు వచ్చినప్పుడు మిగతాది మాట్లాడుకుందాం. మీ పెద్దమ్మ సున్నుండలు పంపుతోంది, బృందానికి పంచకుండా అన్నీ నువ్వే తినకు.

ఇట్లు,
పెదనాన్న